మా కంప్యూటరు కాఁపురము మాఱుట

2025వ సంవత్సరమున దీపావళి కాఱు దినములు ముందు, అనఁగా అక్టోబరు 14వ తేదీని, మా యింటి కంప్యూటరు దిక్కులేనిదయ్యెను. యంత్రమునకు జబ్బేమియుఁ జేయలేదు. ఎప్పటివలెనే యుదయమున మీట నొక్కఁగానే లేచి కూర్చుండెను. కాని దానిలోఁ గాఁపురముండు విండోసు 10 అను సిస్టమునకు నాఁటితో సంరక్షణము చాలించితిమని దానిని జేసిన మైక్రోసాఫ్టువారు లోకమునకెల్లఁ జాటిరి. ఆ చాటింపు కొన్ని నెలలుగ మా తెరమీఁదను మాటిమాటికిఁ గనఁబడుచునే యుండెను. నేను దానిని వీధిలోఁ బోవు తప్పెట చప్పుడువలె విని విననట్లు త్రోసివేయుచుంటిని. ఈ విషయమై మా యింట జరిగినది చెప్పినచో నిదే చిక్కులోనున్న సోదరీమణులకుఁ గొంత పనికివచ్చునని తలఁచి వ్రాయుచున్నాను. నా తెలివితక్కువతనము గూడ నిందుఁ గలదు. దానిని దాఁచుట లేదు.

సిస్టమనఁగా నేమో మొదట నాకును దెలియదు. ఇప్పుడు నాకుఁ దోఁచునది యిది: కంప్యూటరు ఇల్లు, సిస్టము ఆ యింటి యిల్లాలు. ఏ గిన్నె యే యఱలో నున్నదో, ఎవరు వచ్చినఁ దలుపు తీయవలెనో, ఎవరిని గుమ్మమునుండియే పంపివేయవలెనో యామెకే యెఱుక. మనము వ్రాయు కాగితము, చూచు బొమ్మ, ప్రింటరు, అన్నియు నామె చెప్పుచేఁతలలోనివే. ఇఁక సంరక్షణము చాలించుట యననేమి? దొంగలు గోడకుఁ గన్నము వేయుటకుఁ గ్రొత్తచోటు కనిపెట్టినప్పుడెల్ల దానిని బూడ్చు మేస్త్రి యొకఁడు నెలనెల వచ్చుచుండెను. ఇఁక నతఁడు రాఁడు. ఇల్లు కూలదు. రాత్రి పండుకొని తెల్లవాఱి లేచినను నట్లే యుండును. కన్నము మాత్రము తెఱచియే యుండును.

ఇది వట్టి బెదరింపని నేనుఁ గొన్నాళ్లు వాదించితిని. మావారు నాకు 2017 మే నెలలోని సంగతి జ్ఞాపకము చేసిరి. వాన్నాక్రై యను నొక పురుగు నూటయేఁబది దేశములలో రెండు లక్షలకుఁ బైగా యంత్రములఁ జొచ్చి, లోపలి ఫైళ్లకెల్లఁ దాళము వేసి, తీయవలెనన్న సొమ్మిండని యడిగెను. ఇంగ్లండులోని వైద్యశాలలు కొన్ని రోగులను ద్రిప్పి పంపినవి. మన ఆంధ్రప్రదేశమునఁ బోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాతఁబడినవి. వింత యేమనఁగా, ఆ కన్నమును బూడ్చు సవరణ రెండు నెలలు ముందే, ఆ సంవత్సరము మార్చిలోనే, వెలువడి యుండెను. వేసికొన్నవారు బయటఁబడిరి, నావలె ‘తరువాత’ అని త్రోసివేసినవారు చిక్కిరి. అంతటితో నా వాదము ముగిసెను.

మా యంత్రము 2016లోఁ గొన్నది. ఆఱవ తరము ప్రాసెసరు, నాలుగు గిగాబైట్ల ర్యాము. దానికి విండోసు 11 ఎక్కించుకొన్నచోఁ జిక్కు తీఱుననుకొంటిమి. 2021 అక్టోబరులో వెలువడిన యా సిస్టము మూల్యము లేకయే లభించును గాని, యే యింటఁబడిన నా యింటఁ గాలు పెట్టదు. టి.పి.యం. 2.0 అను భద్రతా సాధనము లోపల నుండవలెను. ఇంటెలువారి ప్రాసెసరైనచో సామాన్యముగ నెనిమిదవ తరముదో తరువాతిదో కావలెను. యోగ్యతను జూచుటకు మైక్రోసాఫ్టువారే యొక చిన్న ప్రోగ్రామును జేసియుంచిరి. అది పెండ్లివారి సిద్ధాంతివలె మా యంత్రము జాతకమునంతయు విప్పి చూచి, పొంతన కుదురలేదని చెప్పివేసెను. తొమ్మిదేండ్లుగ నొక్కనాఁడైన మొరాయింపని యంత్రము! రెండు మూఁడేండ్లు ముందు పుట్టుటయే దాని నేరము. తనిఖీని దాఁటించి దొడ్డిదారిని విండోసు 11 ఎక్కించువారు కలరఁట. అట్లెక్కించిన యంత్రమునకు సవరణలు తప్పక వచ్చునని మైక్రోసాఫ్టువారు హామీ యీయరు కాఁబట్టి యా దారి మాకు రుచింపలేదు.

మిగిలినవి మూఁడు మార్గములు. మొదటిది, ఉన్నదానితోనే యొక సంవత్సరము గడుపుట. మైక్రోసాఫ్టు ఖాతా తెఱచి మన యమరికలను వారివద్దఁ బదిలపఱచినచో మూల్యము లేకయో, లేనిచో ముప్పది డాలర్లకో, భద్రతా సవరణలు మాత్రము 2026 అక్టోబరు 13 వఱకు నిత్తుమని వారు చెప్పిరి. రెండవది, క్రొత్త యంత్రమును గొనుట. మూఁడవది, యిల్లదియే యుంచి యిల్లాలిని మార్చుట. ఈ మాట వ్రాయుటకు నాకే యెట్లో యున్నది గాని, చేసిన యుపమానము నిప్పుడు విడువలేను.

‘ఏమి చేయుదము? క్రొత్తది కొందమా?’ అని మావారు నన్నడిగిరి. నేను పోపు వేయుచు ‘మీ యిష్టము’ అంటిని. ఈ రెండు మాటలతో మన యిండ్లలో నెన్ని పనులు జరిగిపోవుచున్నవో చదువరులు నాకంటె బాగుగ నెఱుఁగుదురు. జరిగిన పిమ్మట ‘నన్నడుగలేదు’ అనుటకు వీలులేకుండఁ జేయునదియు నీ మాటయే.

మావారు పట్టణములో నొక దుకాణమునకుఁ బోయి క్రొత్త యంత్రమును బేరమాడి వచ్చిరి. పండుగ బేరము కాఁబట్టి ప్రాఁతది యిచ్చినచోఁ బదునైదు వందలు తగ్గింతురఁట. శనివారము నాఁడు దుకాణపు కుఱ్ఱవాఁడొకఁడు వచ్చి బల్లక్రింద దూరి తీఁగలు విప్పుచుండెను. నేను వంటయింటినుండి వచ్చి చూచి, నాకుఁ దెలియకుండనే ‘దానిని ముట్టుకొనకు నాయనా, అందులో మా నాయనగారున్నారు’ అంటిని. ఆ పిల్లవాఁడు బెదరి చేతిలోని తీఁగ వదలివేసెను.

మా నాయనగారు తెలుఁగు పండితులు. నాకమరమును రఘువంశమును భాగవతమును నింటనే చెప్పినవారు. ఉద్యోగము విరమించిన పిదప నొక యచ్చుకూటమునఁ బ్రూఫులు దిద్దుచు, అక్కడి కుఱ్ఱవానిచేఁ గంప్యూటరుమీఁదఁ దెలుఁగు టైపుచేయుట నేర్చుకొనిరి. మా అమ్మ పోయిన పిమ్మట మావద్దనే యుండిరి. వసుచరిత్రమునకుఁ దాము జీవితమెల్లఁ జెప్పుచు వచ్చిన యర్థములను, శ్లేషల విడఁదీఁతలను టీకగ వ్రాసి యీ యంత్రమునందే టైపుచేసిరి. నాలుగు వందల పండ్రెండు పుటలు. అయిదవ యాశ్వాసము నడుమ నాగిపోయినది. 2021 వేసవిలో వారు పరమపదించిరి. మొదటి రెండాశ్వాసములు మాత్రమే కాగితముమీఁద నచ్చొత్తించుకొని యుండిరి. తక్కినదంతయు నా డబ్బాలోనే.

మావారి తప్పు లేదు. వారు ముందురోజుననే ఫైళ్లనన్నిటిని బెన్‌డ్రైవులోనికిఁ జేర్చియే యుండిరి. ‘నీ పుస్తకము నాయొద్ద భద్రముగ నున్నది, చూడు’ అని నవ్విరి. కుఱ్ఱవానిని మఱునాఁడు రమ్మని పంపివేసి, ఆ సాయంత్రమే ప్రక్కయింటివారి క్రొత్త ల్యాపుటాపులో నా పెన్‌డ్రైవును బెట్టి చూచితిమి. ఫైలు తెఱచుకొనలేదు. పొరుగువారి యబ్బాయి యేదో యుపాయముచే లోపలి యక్షరములను బయటికి లాగెను. వచ్చినవి యక్షరములు కావు. ఆంగ్లాక్షరములు, చుక్కలు, కుండలీకరణములు, డాలరు గుర్తులు కలిసి వడ్లలో ఱాళ్లవలె వరుసలు వరుసలుగఁ దెరనిండ నిలిచినవి. నాయనగారి నలువదేండ్ల పాండిత్యమునకు మిగిలినది యదియా యని నాకు గొంతు పట్టుకొన్నది. మావారి నవ్వును బోయెను.

దీనికిఁ గారణము కొంచెము విపులముగఁ జెప్పవలెను. ఏలయన, ప్రాఁత తెలుఁగు ఫైళ్లున్న ప్రతి యింటికిని నిది వర్తించును. పూర్వము కంప్యూటర్లలోఁ దెలుఁగునకుఁ బ్రత్యేకముగఁ జోటు లేకుండెను. ఉన్న చోట్లన్నియు నాంగ్లాక్షరములకే. కాఁబట్టి యచ్చుకూటములకై లిపి సాధనములు చేసినవారొక యుపాయము పన్నిరి. ఆంగ్లాక్షరము బొమ్మను దీసివేసి దాని స్థానమునఁ దలకట్టునో, గుడినో, కొమ్మునో, ఒత్తునో పెట్టిరి. మనము తెరమీఁదఁ జూచునది తెలుఁగు. ఫైలులో నిలుచునది మాత్రము ఆంగ్లాక్షరపు సంఖ్యయే. ఆ సాధనమున్నంతసేపు చక్కఁగా కనఁబడును. అది లేనిచోట ముసుఁగు తొలఁగి లోపలిది బయటఁబడును. పైగా నొక్కొక్కరు నొక్కొక్క విధముగ నమర్చిరి కాఁబట్టి, యొకరి సాధనముతో వ్రాసినది మఱియొకరి దానితోఁ జదువుటకు వీలులేదు. నాయనగారు పుటలు కూర్చిన పేజిమేకరు ప్రోగ్రాముది మఱొక కథ. దాని కడపటి కూర్పు 2001లో వెలువడినది, తరువాత సంతతి లేదు.

యూనికోడు వచ్చి యీ యవస్థను దీర్చెను. ప్రపంచములోని లిపులకెల్ల వేఱువేఱు స్థానములను గేటాయించిన యా యేర్పాటు 1991లోనే మొదలై, తెలుఁగునకు నూట యిరువది యెనిమిది స్థానముల నిచ్చెను. మన యరసున్నకును శకటరేఫమునకును గూడ నందు స్థానము కలదు. ౘ, ౙ అను దంత్యములు మాత్రము 2008 వఱకు వేచియుండవలసివచ్చెను. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పిలోనే ‘గౌతమి’ యను తెలుఁగు లిపి యుండెను. అట్లు వ్రాసినది యే సిస్టముననైన, ఫోనులోనైనఁ దెలుఁగుగనే కనఁబడును. నాయనగారి కీ సంగతి తెలియకపోలేదు. నేనొకప్పుడు చెప్పఁగా ‘చేతికలవాటైనది, ఈ వయస్సున మార్చుకొనలేనమ్మాయీ’ అనిరి. నేను మఱల నడుగలేదు. అడిగి, నేనే రోజునకు రెండు పుటల చొప్పున మార్చియుండినచో నెప్పుడో తీఱెడిది. నాకు నాఁడు తీరిక లేదనుకొంటిని.

దీపావళికి మా మేనల్లుఁడు వచ్చెను. హైదరాబాదులో నింజనీరింగు చదువుచున్నాఁడు, నాయనగారికి మనుమఁడు. వాఁడంతయు విని, ‘ఇప్పుడే దేనిని గొనవలదత్తయ్యా, దేనిని దీయవలదు. ముందు తాతగారి పుస్తకమునకు బొమ్మ తీయుదము’ అనెను. ప్రాఁత యంత్రములో నా ఫైలును దెఱచి నాలుగు వందల పండ్రెండు పుటలను బి.డి.యఫ్. గ మార్చెను. అందు లిపి గూడ ఫైలులోనే పొదిగి యుండునఁట. కాఁబట్టి యే యంత్రమునఁ దెఱచినను నాయనగారు కూర్చిన పుట కూర్చినట్లే యుండును. దిద్దుటకును వెదకుటకును వీలులేదు గాని చదువుకొనవచ్చును. అర గంట పని! దానిని మూఁడు చోట్ల దాఁచితిమి. సోదరీమణులారా, మీ యింట నిట్టి ప్రాఁత ఫైళ్లున్నచోఁ దక్కిన వ్యాసము చదువకున్నను సరియే, యంత్రము బ్రదికియుండఁగనే యీ పని చేసికొనుఁడు.

అది యయిన పిదపనే నాకు నిద్రపట్టెను. మఱునాఁటినుండి వాఁడు మూఁడవ మార్గమును జూపెను. లినక్సు మింటను సిస్టము. లినక్సనునది 1991లో హెల్సింకీలో విద్యార్థిగనున్న లైనస్ టోర్వాల్డ్సు మొదలుపెట్టి, లోకమున కెల్ల విప్పియిచ్చిన పని. దాని మీఁదఁ గట్టిన యనేక సిస్టములలో మింటొకటి, 2006లో పుట్టినది. మూల్యము లేదు. 2024లో వచ్చిన 22వ కూర్పునకు 2029 వఱకు సవరణలు వచ్చుననిరి. నాలుగు గిగాబైట్ల ర్యాముతో మా ముసలి యంత్రమునకుఁ జాలును. అన్నిటికంటె నాకు నచ్చినదేమనఁగా, దీనిని బెట్టుకొనకముందే పరీక్షింపవచ్చును. సుమారు మూఁడు గిగాబైట్ల ఫైలును దించి పెన్‌డ్రైవులోఁ గూర్చి, దానినుండియే యంత్రమును లేపినచో, లోపలి డిస్కు జోలికిఁ బోకుండ మింటు నడచును. పెన్‌డ్రైవు తీసి మఱల లేపినచో నెప్పటి విండోసే. నేనైతే చీరను గూడ నంగడిలో మడత విప్పి వెలుఁగునఁ జూడక కొనను. కంప్యూటరు విషయమున నీ సౌకర్యముండునని యెవరును జెప్పలేదు.

మూఁడు దినములు పరీక్షించితిమి. ఇంటర్నెట్టు, ధ్వని, ప్రింటరు చెప్పినట్లు విన్నవి. బ్యాంకు పనులును, మావారు పాఠశాల మార్కులు నమోదు చేయు పనియు బ్రౌజరులో జరుగునవే కాఁబట్టి యడ్డములేదు. తెలుఁగు వచ్చునా యని నా భయము. నాయనగారు నాకు నేర్పినది యచ్చుకూటముల యాపిలు కీబోర్డు. నా వ్రేళ్లకదియే తెలియును. మింటులో ఐబస్ అను సాధనమునకు మఱికొన్ని కూర్పులు చేర్చఁగా, ఇన్‌స్క్రిప్టు, ఆర్.టి.యస్., పోతన మొదలగువానితోఁ గూడ యాపిలు వరుస కనఁబడెను. నేను మొదట కొట్టినది ‘అమ్మ’ యను మాట కాదు, ‘ఏఁడు’ అను మాట. అరసున్న తన చోటఁ దాను వచ్చి కూర్చుండెను.

మావారికి మాత్రమంత తృప్తి కలుగలేదు. వారి ప్రశ్నపత్రములు లిబ్రాఫీసులోఁ దెఱచుకొన్నవి గాని, భిన్నములును సమీకరణములును గొన్నిచోట్ల జరిగిపోయి, ప్రశ్నల సంఖ్యలు చెదరినవి. గణితము చెప్పువారికిఁ గంట కింపుకాని విషయము. కేరళమునందుఁ బ్రభుత్వ పాఠశాలలు చాలకాలముగ లినక్సుతోనే పాఠములు చెప్పుచున్నవని మేనల్లుఁడనెను. ‘వారు మొదటినుండి దానితోనే వ్రాసికొనిరి. నేనిరువదేండ్ల ప్రశ్నపత్రములు మోసికొని రావలెను’ అని మావారు బదులు చెప్పిరి. న్యాయమైన మాటయే. నాయనగారి వలెనే వారును దమ మూటతోఁ గట్టుబడియున్నారు. మూట పెద్దది కాకముందే మేలుకొన్నారు, అంతియే భేదము.

నాయనగారి పేజిమేకరు మింటులో నడుచునా యనియుఁ జూచితిమి. విండోసు ప్రోగ్రాములను లినక్సులో నడపుటకు ‘వైను’ అను మధ్యవర్తి కలదు. పేరు విని మా అత్తగారులికిపడిరి. అది త్రాగునది కాదని నచ్చఁజెప్పుటకు గొంతసేపు పట్టెను. దాని సాయమున ప్రోగ్రాము తెఱచుకొన్నది, లిపి సాధనము మాత్రము కదలలేదు. మఱల నవే డాలరు గుర్తులు.

అప్పుడు మావారు మఱల నడిగిరి, ‘ఏమి చేయుదము?’ అని. ఈ మాఱు నేను ‘మీ యిష్టము’ అనలేదు. ఒక్క రాత్రి యాలోచించి నా యభిప్రాయమును జెప్పితిని. క్రొత్త యంత్రము వలదు. దుకాణమున కిచ్చిన బయానా వెయ్యి పోయినఁ బోనిమ్ము. ఒక చిన్న యస్.యస్.డి. కొని దానిలో మింటు పెట్టుదము. నిత్యమైన పనులెల్ల దానితో. ప్రాఁత హార్డుడిస్కును జెఱుపక, విండోసుతోను నాయనగారి సాధనములతోను నట్లే యుంచి, కావలసినప్పుడు మాత్రము ఇంటర్నెట్టు తీఁగ తీసివేసి దానినుండి లేపుదము. బయటి దారియే లేని గదికిఁ గన్నము వేయువాఁడెక్కడ? పెన్‌డ్రైవుల విషయమున జాగ్రత్తగ నుండినఁ జాలును. మావారి ప్రశ్నపత్రములను గూడ నీ యేడు పరీక్షలైన పిమ్మట నొకటొకటిగ మార్చుకొందమంటిని. క్రొత్త యంత్రమువలనఁ గలుగు సుఖములు లేకపోలేదు. మా యమ్మాయి వానినన్నిటిని వరుసఁగా నేకరువు పెట్టెను. కాని యెంత వెలపెట్టి కొన్నను, తెఱచుకొనని ఫైలు తెఱచుకొనదు గదా. మావారు కొంతసేపూరకుండి, ‘బయానా నేను దెచ్చుకొందునులే’ అనిరి. తెచ్చుకొనలేదు, అయినను నేనడుగలేదు. ఆ సామగ్రికి మాకైన వ్యయము మూఁడువేల లోపే.

ఇఁక మిగిలినది నా పని. నాయనగారి మాటలను యూనికోడులోనికిఁ దెచ్చుట. ఇట్టి ప్రాఁత లిపిని మార్చి యిచ్చు సాధనములు గలవు. మేనల్లుఁడొకదానితో నాలుగు వందల పుటలను క్షణములో మార్చి నా ముందు పెట్టెను. చదువఁగా హాయిగనే యుండెను. మొదటి పుట, రెండవ పుట. మూఁడవ పుటలో ‘ఏడు’ అని కనఁబడెను. అక్కడ సంఖ్యకుఁ బ్రసక్తి లేదు. నాయనగారు వ్రాసినది ‘ఏఁడు’, అనఁగా సంవత్సరము. వెనుకకుఁ బోయి చూచితిని. ‘వాఁడి’ యైన చూపు ‘వాడి’ వేసిన చూపయ్యెను. ‘నాఁడు’ అన్నచో ‘నాడు’ అని నిలిచెను. ఆ సాధనము పుస్తకమంతటను ఒక్క యరసున్నను గూడ మిగుల్చలేదు! చేసినవారు నేఁటి వార్తాపత్రికలను మనస్సులో నుంచుకొని చేసియుందురు. అరసున్న వాడువారింకను గలరని వారికెట్లు తోఁచును? తక్కినచోట్ల లోపించినను జదువరి సరిపెట్టుకొనును. శ్లేషకుఁ బ్రసిద్ధమైన వసుచరిత్రమునందు, పదమునెచ్చట విఱుచవలెనో తెలుపు టీకయందు, అరసున్న లేకున్నఁ బనిజరుగదు. ఒక విఱుపునకు నరసున్న కావలెను, రెండవదానికి వలదు. నాయనగారు రెంటిని బ్రక్కప్రక్కన వ్రాసి చూపిన చోట్ల నిప్పుడు రెండు నొకటియై, టీక తన్నుఁ దానే వెక్కిరించుచున్నట్లుండెను.

కాఁబట్టి యిప్పుడు తెరమీఁద నెడమవైపున బి.డి.యఫ్., కుడివైపున మార్చిన ప్రతి పెట్టుకొని, రాత్రి భోజనములైన పిమ్మట గంటసేపు పంక్తి పంక్తి పోల్చి యరసున్నలు పెట్టుచున్నాను. రోజునకు రెండు పుటలు, బాగుగ సాగినచో మూఁడు. మొదటి దినములలో విసుఁగుగ నుండెను. ఇప్పుడు నాయనగారివద్ద మఱల పాఠము చదువుచున్నట్లున్నది; వారు నోటఁ జెప్పినప్పుడు నేను జాఱవిడిచిన యర్థము లెన్నియో యిప్పుడు దొరకుచున్నవి. లిపులకుఁ గఱవు లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామరాజ అను పేళ్లతో యూనికోడు లిపు లుచితముగ లభించుచున్నవి. వసుచరిత్రమునకు రామరాజ లిపి తగునని మొదట దానిని బెట్టి చూచితిని. అది శీర్షికలకు బాగుండును గాని టీకకుఁ బుష్టి యెక్కువ. మేనల్లుఁడు నా కంటఁబడకుండ నొకనాఁడు పుటనంతయు ‘గిడుగు’ అను లిపిలోనికి మార్చి పెట్టెను. వ్యావహారికమునకై జీవితమును ధారపోసిన రామమూర్తిపంతులుగారి పేర, మా నాయనగారి గ్రాంథిక టీక! నాయనగారుండినచోఁ గండ్లద్దములు తీసి తుడుచుకొని మఱల పెట్టుకొని, ‘అక్షరములు గుండ్రముగనే యున్నవే’ అనియుందురు.

నిన్నటి రాత్రి మూఁడవ యాశ్వాసములో నొక చోట నాగితిని. నాయనగారి పుటలో నొక మాటపై నరసున్న లేదు. ఉండవలెనని నాకుఁ దోఁచుచున్నది. టైపులో జాఱినదో, లేక నాకుఁ దెలియని విఱుపేదైన వారి మనస్సున నుండెనో! శబ్దరత్నాకరము తీసి చూచితిని, మావారి నడిగితిని, వారు ‘నీకంటె నాకుఁ దెలియునా’ అనిరి. దానినట్లే యుంచి, ఎఱ్ఱరంగు పూసి ముందునకు సాగితిని. అట్టివి యింతవఱకుఁ బదునొకండు. నూట డెబ్బది మూఁడవ పుట జరుగుచున్నది.